కంచె తీగ మీద అవ్వ పాట

ఇంజనీరింగు కాలేజీలో మొదటి వారం ఎవరూ పాఠం చెప్పరు. ఒక్కొక్కరినీ లేపి నీది ఏ ఊరు, మీ ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారు, నీకు దేని మీద ఆసక్తి అని ఇంగ్లీషులో అడుగుతారు. ఎనభైల మొదట్లో, అనంతపురంలో, మా క్లాసులో ఉన్న కొద్దిమంది ఆడపిల్లలం ముందు బెంచీలో కూర్చుని మా వంతు కోసం వణుకుతున్నాం. మాకంటే ముందు లేచిన మగపిల్లల్లో సగం మందికి స్టాంపులు సేకరించడం మీద, మిగిలిన సగానికి క్రికెట్టు మీద ఆసక్తి ఉంది. తాడిపత్రి నుంచి వచ్చినవాడొకడు గుర్రపుస్వారీ అన్నాడు. వాడు అబద్ధమాడాడని నేననను. జట్కాబండిలో వెనక కూర్చున్నా లాగేది గుర్రమే కదా.

నా వంతు వచ్చింది. మాది ఆళ్లగడ్డ అన్నాను. మా నాయన మిషను బడిలో అయ్యవారు అన్నాను. అంతవరకూ నిజమే. ఆసక్తి దగ్గరికి వచ్చేసరికి నాకు స్టాంపులు గానీ గుర్రం గానీ దొరకలేదు. నోటికి మా అవ్వ వచ్చింది.

దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడే యంత్రాల మీద నాకు ఆసక్తి అన్నాను. మా చర్చికీ, మంచాన పడిన మా అవ్వ ఇంటికీ మధ్య అలాంటిదొకటి అమర్చాననీ, అవ్వ మంచంలోనే ఉండి ప్రసంగం వింటుందనీ, నచ్చకపోతే ప్రసంగం చెప్పే అయ్యగారికి అక్కడి నుంచే జవాబు చెబుతుందనీ అన్నాను.

క్లాసు నవ్వింది. మాస్టరు నవ్వలేదు. ఆయనది కోస్తా. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఒకే లైను మీద రెండు వైపులా మాట్లాడొచ్చా?" అన్నారు.

"మాట్లాడొచ్చు సార్."

"క్రిస్మస్ సెలవులకు ఊరెళ్తావుగా. వచ్చేటప్పుడు దాని బొమ్మ గీసుకుని రా. ఎలా పనిచేస్తోందో బోర్డు దగ్గర నిలబడి అందరికీ చెబుదువుగాని."

అలాంటి యంత్రమేదీ అప్పటికి లేదని వేరే చెప్పనక్కర్లేదు. కానీ దాన్ని అబద్ధమనడం తొందరపాటు. అది ఇంకా జరగని నిజం. మా ఇంట్లో ఆ రెంటికీ మధ్య గోడ ఎప్పుడూ పొట్టిదే.

మంచాన పడిన అవ్వ మాత్రం పూర్తిగా నిజం. ఆమె మా నాయన తల్లి. ఆ ఎండాకాలం ఎవరిదో మేకను మా చేన్లో నుంచి తరుముతూ, మా ఇంటికీ చర్చికీ మధ్య పారే వంకలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నంద్యాల ఆసుపత్రిలో చాలాకాలం పడుకోబెట్టి, ప్రాణానికి భయం లేదు, కదిలించవద్దు అని చెప్పి పంపించారు. కాలు పోయింది గానీ గొంతు పోలేదు. ఆ గొంతు గురించి ఒక్క మాట చెబుతాను. చేను గట్టు మీద నిలబడి ఆమె ఎద్దును అదిలిస్తే, అహోబిలం పోయే బస్సు డ్రైవరు తననే ఎవరో ఆపమంటున్నారని బ్రేకు వేసేవాడు. నల్లమలలో కట్టెలకు పోయి దారి తప్పినవాళ్ళు ఆ కేక విని ఇంటిదిక్కు పట్టుకున్నారని మా నాయన చెప్పేవాడు. మా నాయన అయ్యవారు. అబద్ధం చెప్పడు. కాస్త సాగదీస్తాడంతే.

ఆ గొంతుకు ఏడాదిలో ఒకరోజు అసలైన పని ఉండేది. ఆ రోజు కోతపండుగ. పంట ఇంటికి వచ్చాక ఒక ఆదివారం ప్రతి ఇంటివాళ్ళూ తమకు పండినదాంట్లో మొదటిది చర్చికి తెస్తారు. జొన్నకంకులు, వేరుశనక్కాయలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, కలిగినవాళ్ళయితే మేకపిల్ల, ఏమీ లేనివాళ్ళు ఒక కోడిగుడ్డు. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ చర్చి ముందర వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళు సరుకు ఇంటికి తీసుకుపోవచ్చు. కానీ మర్యాద తెలిసినవాళ్ళు "మళ్లీ దేవునికే" అని తిరిగి ఇచ్చేస్తారు. అప్పుడు దాన్నే మళ్లీ వేలం వేస్తారు. ఒక్క నిమ్మకాయ పొద్దుగూకే లోపల ఊరందరి చేతులూ మారి మళ్లీ బల్ల మీదికే వస్తుంది. అంత తిరిగిన నిమ్మకాయలో ఇక రసం ఉండదని మా అమ్మ అనేది.

వేలం ఎప్పుడూ కోడిగుడ్డుతోనే మొదలవుతుంది. అది బీదవాళ్ళ కానుక కాబట్టి దానికి ముందు మర్యాద. ఆ గుడ్డు మీద మొదటి పాట మా అవ్వది. ఆమె కోడలిగా వచ్చిన ఏడు, అంత చిన్న వస్తువుకు పాడటానికి మగవాళ్ళంతా నామోషీపడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, కొత్త కోడలు తలమీది కొంగు తీయకుండానే కేక వేసిందట. అప్పటి నుంచి అదే ఆనవాయితీ.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మనిషి లేనిదే పాట లేదు. ఒకరి తరఫున ఇంకొకరు పాడకూడదు. నేను పుట్టకముందు ఒకాయన ఊళ్ళో లేని తన అన్న తరఫున మేకను పాడాడట. అన్న తిరిగొచ్చి నేను పాడమనలేదు పొమ్మన్నాడు. తమ్ముడు నాది కాదు పొమ్మన్నాడు. ఎవరిదీ కాని ఆ మేక చర్చిలోనే ఉండిపోయి, బల్ల మీది గుడ్డతో మొదలుపెట్టి పాటల పుస్తకాలదాకా తిన్నదట. కట్టుబాటు ఆ మేక పెట్టింది.

ఇక నా సంగతి. ఇంటరు రెండేళ్ళు నంద్యాలలో చదివాను. స్టేషనుకు పోయే దారిలో మా మేనత్త వాళ్ళ ఇంటి కింద రేడియో రిపేరు షాపు ఉండేది. చదువుకోమని మేడమీద గది ఇస్తే, నేను మెట్ల మీద కూర్చుని షాపులోకి చూసేదాన్ని. అతుకులకు సీసం కరిగించే వాసన నాకు ఇప్పటికీ మల్లెపూల వాసన కంటే ఇష్టం. షాపాయన మొదట తరిమాడు, తర్వాత కిందపడిన స్క్రూలు ఏరమన్నాడు, చివరికి అతుకు పెట్టనిచ్చాడు.

ఒకరోజు ఆయన భోజనానికి పోయినప్పుడు, మైకు తగిలించాల్సిన చోట పొరపాటున ఒక స్పీకరు తగిలించి, ఊరికే అందులోకి "ఓయ్" అన్నాను. బల్ల మీదున్న ఇంకో స్పీకరులో నుంచి "ఓయ్" అని వచ్చింది. నోరనుకున్నది చెవి కూడా అయింది. ఆ క్షణంలో నా బతుకుదారి నాకు కనిపించిందంటే అది అతిశయం. దీనితో ఎవరినైనా ఆటపట్టించవచ్చని మాత్రం కనిపించింది. షాపాయన భోజనం చేసి వచ్చి కూర్చోగానే, లోపలి గదిలో దాక్కుని, మూలన పడివున్న చెడిపోయిన రేడియోలో నుంచి ఆయన్ను పేరు పెట్టి పిలిచాను. ఆ తర్వాత ఆ రేడియోను ఆయన ఎవరికీ అమ్మలేదు. పొద్దున దానికి ఒక అగరుబత్తి వెలిగించేవాడు.

నా ఆసక్తి అలా మొదలైంది. క్లాసులో అదంతా చెప్పి ఉండవచ్చు. కానీ నిజం చెబితే పొడుగవుతుంది.

సెలవులకు గుంతకల్లులో బండి మారి నంద్యాలకు, అక్కడి నుంచి బస్సులో ఆళ్లగడ్డకు వచ్చాను. చంకలో డ్రాయింగు బోర్డు, చేతిలో డ్రాఫ్టరు. డ్రాఫ్టరంటే గీతలు గీయడానికి బోర్డుకు బిగించే ఇనుప చేతుల పరికరం. మడిస్తే మూరెడు ఉంటుంది, విప్పితే పెద్ద మిడతలా కాళ్ళు చాపుతుంది. బస్సులో ఒకామె నా బోర్డు మీద కోడిపిల్లల గంప దింపింది.

"ఇదేందీ మే, రొట్టెల పీటనా?"

"కాదక్కా. ఇంజనీరింగు చదువుతాండా. దీని మీద బొమ్మలు గీస్తాము."

"బొమ్మలు గీసేదానికి ఇంత పెద్ద చదువా." అని ఆమె అన్నదో లేదో, వెనక సీటు ముసలాయన చేతి గడియారం విప్పి నా ఒళ్ళో పెట్టాడు. "ఇంజనీరంట. రొంత చూడమ్మీ, పొద్దన్నించి నిలబడిపోయింది."

మూడు నెలల్లో నాకు నేర్పింది ఇనుపముక్కను ఆకురాయితో రుద్ది చదును చేయడం. కానీ మా సీమలో ఇంజనీరింగు చేరడం, పాసవడం అని రెండు లేవు. చేరితే చాలు, ఇంజనీరే. గడియారానికి కీ ఇచ్చాను. తిరిగింది. బస్సంతా నన్ను గౌరవంగా చూసింది. నేను కూడా కాస్త చూసుకున్నాను.

ఇంటికి పోయేసరికి అవ్వ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఏందీ, ఎండిపోయినావు. అన్నం పెట్టరా ఆడ?"

"పెడతారవ్వా."

"ఏం నేర్పినారు?"

"ఇనుముకు ఆకురాయి పట్టేది."

"మీ తాత కొడవండ్లకి అదే చేసె. దానికి అనంతపురం పోవల్లనా?"

ఎగతాళి ఉంది గానీ అందులో పస లేదు. మా అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి సంగతి చెప్పింది. చర్చి సంఘపెద్ద ముందురోజు వచ్చి పోయాడట. అవ్వ రాలేని స్థితిలో ఉంది కాబట్టి ఈ ఏడు గుడ్డు మీద మొదటి పాట చిన్నవ్వకు ఇస్తామన్నాడట. చిన్నవ్వ అంటే మా తాత చెల్లెలు. ఆ వదినామరదళ్ళిద్దరూ పెళ్ళయిన నాటి నుంచీ ప్రతి కోతపండుగలో ఒకరి మీద ఒకరు పాట పెంచుకున్నవాళ్ళే. మిగతా ఏడాదంతా ఒకే తమలపాకు పంచుకుని నమిలేవాళ్ళు.

నేను మళ్లీ మంచం దగ్గరికి వచ్చాను.

"మంచంతోనే ఎత్తుకపోండంటి," అంది అవ్వ గోడకు చెప్పినట్టుగా. "వంక దాటేటప్పుడు అదిరితే ఎముక అతుకు ఊడుతాదంట. మీ నాయన వద్దనె. సరే, కాలు పాయె. గొంతుండాది గదా? గొంతున్నోళ్ళను గూడా పూడ్చిపెడతారా మే?"

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను.

"ఈ ఏడు ఆ గుడ్డు మీద నా పాట లేకుంటే, వచ్చే ఏటికి ఆ ముసల్ది యాడని అడిగేవాళ్ళు గూడా ఉండరు. ఉన్నట్లా, పోయినట్లా నేను?"

ఆ మాటతో నాకు మాస్టరు గీసుకురమ్మన్న బొమ్మ సంగతి పక్కకు పోయింది. కోతపండుగ ఆదివారానికి ఇంకా కొన్ని రోజులున్నాయి. ఆ గొంతును వంక దాటించి తీరాలని నిశ్చయించుకున్నాను. ఎలాగో తెలియదు. తెలియకపోవడం నాకు ఎప్పుడూ పెద్ద అడ్డం కాలేదు.

మొదట సంఘపెద్ద దగ్గరికి పోయాను. ఆయన చర్చికీ మా ఇంటికీ మధ్యనున్న తన మిరపతోటలో కంచెకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఊరి వరసన నాకు మామ.

"మామా, అవ్వ ఈ ఏడు గూడా పాడతాది."

"యాడ నుంచి మే? మంచంలో నుంచా?"

"మంచంలో నుంచే. ఆమె గొంతు చర్చి కాడ ఇనపడేట్ల నేను చేస్తా."

"గొంతు వస్తే ఏమి, మనిషి రావల్ల గదా. మేక కత ఎరగవా?"

"గొంతు రానీ మామా. అది పాటనో కాదో అప్పుడు చూద్దువు."

ఆయన నవ్వాడు. చెడ్డవాడు కాదు, కట్టుబాటు మనిషి. "రానీలే. పొయ్యేటప్పుడు మా మోటరు రొంత చూసిపో. గుర్రు గుర్రుమంటాంది."

నేను మోటరు చూడలేదు. ఆయన ఆనుకున్న కంచెను చూశాను. ఎండిన కర్ర గుంజలకు రెండు వరసల ఇనుప ముళ్ళతీగ. మా ఇంటి వెనక వంక గట్టున మొదలై, వంక దాటి, తోట చుట్టి, చర్చి గోడకు నాలుగు బారల దూరంలో ఆగుతుంది. నాకు కావలసినవి రెండు తీగలు. దేవుడు నా కోసం ముందే పాతించి పెట్టాడు, సంఘపెద్ద ఖర్చుతో. ఆయనకు ఆ మాట చెప్పి ఆయన ఆనందాన్ని తొందరపెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

కోతపండుగకు ఆంప్లిఫయరు, పెద్ద గొట్టం స్పీకర్లు తెచ్చేది ఆళ్లగడ్డ బజారులో మైకు సెట్టు అన్న. ఆయన్ను ఒప్పించడం సంఘపెద్ద కంటే కష్టమైంది.

"కంచె తీగకా? నా మిషను కాలిపోతే?"

"కాలదన్నా."

"కాలదని బుక్కులో ఉండాదా?"

"ఉండాది." ఉండే ఉంటుంది. మేమింకా ఆ పాఠానికి రాలేదు.

"పెద్ద సెట్టు గడివేములలో పెండ్లికి పోయింది మే. ఈ చిన్నది గూడా కాలితే పండగనాడు నేను నోటితో అరవల్ల."

"కాలితే మా అవ్వ అరుస్తాదిలే. నీ సెట్టుకంటే దూరం పోతాది."

ఆయన తన సెట్టు వైపు ఒకసారి చూసుకున్నాడు. పాత గొట్టం ఒకటి అరువిచ్చాడు. సున్నిపెంటలో డ్యాం మీద పనిచేసే మా చిన్నాయన ఎప్పుడో తెచ్చి పడేసిన చేతిపిడి స్విచ్చు ఒకటి అటక మీద ఉంది. దాన్ని తోమాను. పిడి కిందికి వేస్తే చర్చిలో మాట అవ్వకు వినిపిస్తుంది. పైకి వేస్తే అవ్వ మంచం పక్కనున్న గొట్టం చెవిగా మారి, ఆమె మాట చర్చి దగ్గర వేపచెట్టు మీది గొట్టంలో వస్తుంది. అంతే యంత్రం. మిగిలినదంతా ముళ్ళపొదల్లో దూరడం.

తోట గేట్ల దగ్గర తీగ తెగి ఉంటే మా అమ్మ బట్టలారేసే తీగ తెచ్చి కలిపాను. శనివారం మధ్యాహ్నం మొదటిసారి చూస్తే గొట్టంలో తేనెటీగల మోత తప్ప ఏమీ రాలేదు. మైకన్న సామాను సర్దుకోబోయాడు. నేను కంచె పొడుగునా నడిచాను. ఒకచోట కాకర తీగ రెండు వరసలనూ కలిపి పచ్చగా అల్లుకుని ఉంది. మాట అందులో దూరి కాకరకాయలకు పోతోందన్నమాట. చేదుగా ఉన్నా చెప్పక తప్పదు, ఆ తీగను సంఘపెద్ద భార్య చూడకుండా కోసేశాను. మళ్లీ పిడి పైకి వేశాం. వేపచెట్టు మీది నుంచి మా అవ్వ గొంతు, "దీని జిమ్మడ, ఈ కోడి మళ్లా మంచమెక్కింది," అని ఊరంతటికీ చెప్పింది. ఆ యంత్రంలో వచ్చిన మొదటి మాట అదే. మైకన్న సామాను మళ్లీ విప్పాడు.

ఆదివారం వచ్చింది. పిడి కిందికి వేసి ఆరాధన అంతా అవ్వకు వినిపించాను. పాట ఎత్తుకున్నప్పుడల్లా, కంచెకు ఒళ్ళు రుద్దుకుంటున్న సంఘపెద్ద బర్రె ఉలిక్కిపడి అడుగు వెనక్కి వేసేది. నిమ్మళించాక మళ్లీ వచ్చి ఆనుకునేది. ఆ పూట అది పాలు ఎప్పటికంటే ఎక్కువ ఇచ్చిందని నేను చెబితే మీరు నమ్మరు, అందుకని చెప్పను.

ఆరాధన ముగిసి జనమంతా బయటికి వచ్చారు. సంఘపెద్ద బల్ల ముందు నిలబడి కోడిగుడ్డు పైకెత్తాడు.

"ఎప్పుడూ మొదటి పాట మా అత్తది. ఈ తూరి ఆమె రాలేకపాయె. అందుకని..." అంటూ చిన్నవ్వ వైపు చూశాడు.

నేను పిడి పైకి వేశాను. గొట్టంలో ముందు దగ్గు వచ్చింది. తర్వాత మాట వచ్చింది.

"అర్ధరూపాయి."

జనం నోళ్ళు తెరిచి చెట్టు వైపు చూశారు. వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. ముందు వరసలో ఒకాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

సంఘపెద్ద తేరుకున్నాడు. "గొంతు వచ్చింది, సరే. మనిషి యాడ? మనిషి లేనిదే పాట లేదు."

ఆ మాట అవ్వకు వినిపించేలా పిడి కిందికి వేసి ఉంచాను. వెంటనే పైకి వేశాను.

"ఒరే అబ్బీ, పొద్దన్నించి దేవుని మాట దేవుని మాట అని ఇంటిరి గదా. ఆయన మనిషి యాడ? మీలో ఎవరన్నా చూసినారా?"

అయ్యగారు శాలువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

"దేవునితో నీకు పోటీనా అత్తా?" అన్నాడు సంఘపెద్ద.

"ఆయనతో ఏం పోటీ. నీతోనే. గుడ్డు రొంత కిందికి దించు, నీ చేతి వేడికి పొదుగుతాది."

జనం నవ్వారు గానీ సంఘపెద్ద కదల్లేదు. ఆయన మెడ బిగుసుకున్న తీరు చూస్తే కట్టుబాటు గెలిచేటట్టే ఉంది. అప్పుడు చిన్నవ్వ లేచి, కొంగు దులుపుకుని, మెల్లగా బల్ల దగ్గరికి వచ్చింది.

"రూపాయి," అంది.

"నీకు మొదటి పాట ఇస్తిమి గదా, అర్ధరూపాయి నుంచి పాడు," అన్నాడు సంఘపెద్ద.

"అర్ధరూపాయి మా వదిన పాడె. నేను దాని మీద పాడితిని. ఆమెది పాట కాకుంటే నాది గూడా కాదు. నేనీడుండా గదా, కనపడతాండానా లేదా?"

సంఘపెద్ద ఆమెనూ, చెట్టునూ, గుడ్డునూ చూశాడు. మేక పెట్టిన కట్టుబాట్లో దీనికి దారి లేదు. "సరే," అన్నాడు.

ఇక ఆ ఇద్దరు ముసలమ్మలూ పాట ఎత్తుకున్నారు. ఒకరు బల్ల ముందు, ఒకరు చెట్టు మీద. పిడి కిందికీ పైకీ వేయలేక నా భుజం నొప్పెట్టింది. వేలంతోపాటు పాత లెక్కలు కూడా వచ్చాయి. "నా పెండ్లికి పెట్టిన పట్టుచీర యాడ వదినా," అని చిన్నవ్వ. "నువ్వే కట్టుకోని చింపితివి గదా," అని చెట్టు. పాట పైపైకి పోతోంది. చిన్నవ్వ ఇంకాస్త పెంచి పాడింది. నేను పిడి పైకి వేశాను.

గొట్టంలో ఏమీ రాలేదు.

మళ్లీ వేశాను. దగ్గు కూడా లేదు. మైకన్న తీగలు కదిలించి చూసి తల అడ్డంగా ఊపాడు.

సంఘపెద్ద తలెత్తి గొట్టం వైపు చూశాడు. ఆపైన తన పని తాను మొదలుపెట్టాడు. "ఒకటో సారి."

"ఆగప్పా," అంది చిన్నవ్వ. ఆయన చేతిలోని గుడ్డును లాక్కుని కొంగులో పెట్టుకుంది. "మాట పడిపోయిన దాని మీద గెలిస్తే నాకేం పేరు? దాని గొంతు వచ్చేదాక ఇది నా కాడుంటాది." నా వైపు తిరిగింది. "ఇంజనీరింగు అంటివే. పో మే, బేగా పో."

పిడి మైకన్నకు అప్పగించి కంచె వెంట పరుగెత్తాను. మా ఇంటికి దగ్గరలో, వంక గట్టు మీద, బర్రె తన ఒళ్ళు తీట పూర్తిగా తీర్చుకుని గుంజను పడేసింది. పై వరస తీగ తెగి రెండు కొనలూ వెనక్కి చుట్టుకుపోయాయి. లాగి చూశాను. కొనకూ కొనకూ మధ్య రెండు మూరల ఖాళీ. ముక్క తీగ లేదు. అమ్మ బట్టల తీగ అంతా నిన్ననే అయిపోయింది. ఇనుముది ఏదైనా కావాలి, పొడుగుది కావాలి, ఇప్పుడే కావాలి.

ఇంట్లోకి దూకి డ్రాఫ్టరు తెచ్చాను. మడత విప్పి ఇనుప చేతులు రెండూ చాపి, ఒక చేతికి అటు కొనను, ఇంకో చేతికి ఇటు కొనను మెలేశాను. తీగ లాగుడుకు అది మళ్లీ మడుచుకోబోతే దాని పిడి పట్టుకుని నా రొమ్ముకు ఆనించి వెనక్కి వంగి నిలబడ్డాను. మాస్టర్లు ఆ పరికరంతో నిలువు గీత, అడ్డగీత నేర్పారు గానీ ఇలా పట్టుకోవడం నేర్పలేదు. చేతుల్లోకి ముళ్ళు దిగాయి. వదలకూడదని పళ్ళు కరుచుకున్నాను. బర్రె నా పక్కన నిలబడి నెమరు వేస్తూ చూస్తోంది.

ఇంట్లో అవ్వకు తీగ తెగిన సంగతి తెలియదు. ఎవరూ పలకలేదన్న కోపంతో ఆమె అరుస్తూనే ఉంది. కిటికీలో నుంచి నేరుగా వచ్చే ఆ గొంతును వింటూ, చర్చి వైపు చెవి పెట్టాను. ఒక్క క్షణం ఏమీ లేదు. అప్పుడు దూరాన వేపచెట్టు మీది నుంచి అదే గొంతు, అదే మాట, పెద్దదై వచ్చింది. కిటికీలో ఒక అవ్వ, ఆకాశంలో ఒక అవ్వ. జనం కేకలు గాలిలో తేలివచ్చాయి.

ఆ తర్వాత చిన్నవ్వ మళ్లీ పాడిందో లేదో నాకు వినిపించలేదు. సంఘపెద్ద లెక్క మాత్రం మంచం పక్క గొట్టంలో నుంచి వినిపించింది. ఒకటో సారి. రెండో సారి. మూడో సారి అన్నాక ఎవరి పేరు చెబుతాడోనని చెవి రిక్కించాను. అంతలో కంచె ముల్లు మోచేతిలో దిగి, ఆ పేరు నాకు తప్పిపోయింది.

కానీ ఆ వెంటనే ఇంట్లో నుంచీ, వేపచెట్టు మీది నుంచీ, మధ్యలో నా చేతుల్లో నుంచీ ఒకే మాట పోయింది.

"మళ్లీ దేవునికే."

ఆ మాట పాట గెలిచినవాళ్ళు తప్ప ఇంకెవరూ అనరు. నేను డ్రాఫ్టరు వదిలి గట్టు మీద చతికిలపడ్డాను.

డ్రాఫ్టరు చేతులు మళ్లీ ఎప్పటికీ సరిగ్గా రాలేదు. ఆ ఏడంతా నా గీతల్లో నిలువుగీత కాస్త చర్చి వైపు వంగేది. సెలవులయ్యాక బొమ్మ గీసి బోర్డు దగ్గర నిలబడి చెప్పినప్పుడు మాస్టరు అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, తీగ మధ్యలో ఈ డ్రాఫ్టరు ఎందుకు అని. బర్రెతో మొదలుపెట్టి చెప్పాను. గంట కొట్టేశారు, ఆయన కదల్లేదు.

కానీ అది తర్వాతి మాట. ఆ సాయంత్రం చిన్నవ్వ వంక దాటి మా ఇంటికి వచ్చింది. అవ్వ తిరిగి ఇచ్చిన గుడ్డును రెండోసారి వేలం వేస్తే ఆమే పాడుకుందట. పాడుకుని, జీవితంలో మొదటిసారి మళ్లీ దేవునికే అనకుండా, కొంగున కట్టుకుని తెచ్చింది. మా అమ్మ దాన్ని ఉడకబెడితే, దారంతో రెండుగా కోసుకుని వదినామరదళ్ళిద్దరూ ఉప్పు అద్దుకుని తిన్నారు. వెనకాలే సంఘపెద్ద కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, కంచె సంగతి అడగడానికి. నన్ను చూసి, నా చేతుల మీది గీతలు చూసి, "మోటరు చూసిపొమ్మంటిని," అని మాత్రం అన్నాడు.

"చూస్తా మామా. రేపు పొద్దన్నే."

అవ్వ మూతి తుడుచుకుని నన్ను దగ్గరికి పిలిచింది. మెచ్చుకుంటుందేమోనని పోయాను.

"వచ్చే ఏటికి రొంత మంచి తీగ తే మే," అంది. "ఆ కంచె తీగలో నా గొంతు ముసలిదాని గొంతు మాదిరి వచ్చిందంట."